ఒంటిల్లు ఎక్కుడు

మా బావకి కొండ మొత్తం నోటికొచ్చు. ఇది పొగడ్త అనుకునేరు, కాదు, ఫిర్యాదు. ఏ మలుపులో కంకర లేచిందో, ఏ కల్వర్టు మీద వాన వెలిశాక కూడా నీళ్లు నిలుస్తాయో, ఏ ఇంటి కుక్కకి సైకిలంటే పడదో, అడిగినవాడికి చెబుతాడు, అడగనివాణ్ణి ఆపి మరీ చెబుతాడు. ముప్ఫై ఒక్కేళ్లు పోస్టుమ్యాన్‌గా కొండ చుట్టూ సైకిలు తొక్కాడు. పొద్దున ఏడింటికి ఊళ్లోంచి పడమటి వైపు ఎక్కి, పధ్నాలుగు పల్లెలు తిరిగి, మూడింటికి తూర్పు వైపు నుంచి దిగేవాడు. నలభై రెండు కిలోమీటర్లు, ఏడు ఎక్కుళ్లు. సైకిలుకి గేర్లు లేవు, మనిషి నోటికి బ్రేకులు లేవు.

ఊళ్లో అందరూ ఆయన్ని పోస్టు బావ అంటారు. మొదట్లో నేనొక్కణ్ణే బావ అనేవాణ్ణి. మా అక్క మొగుడు కాబట్టి నాకా హక్కుంది. నా సైకిలు షాపులో కూర్చునేవాళ్లు విని విని అంటించుకున్నారు. ఇప్పుడు కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అదే పిలుపు. "నాకు తెలీకుండా ఇంతమంది చెల్లెళ్లు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చారో" అని అక్క సణుగుతుంది గానీ, లోపల్లోపల ఆవిడకి సంతోషమే.

నా షాపు కొండ రోడ్డు మొదలయ్యే చోట, పెట్రోలు బంకు పక్కన ఉంటుంది. ముందు గదిలో రిపేర్లు. వెనక గదిలో వంగిన చక్రాలు, తెగిన గొలుసులు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచి ఎప్పటికీ వాడని నట్లు. ఇరవయ్యేళ్ల కిందట పట్నం నుంచి ఆదివారాలు సైకిళ్లేసుకుని మనుషులు రావడం మొదలైంది. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, నెత్తిన హెల్మెట్లు, వెన్ను మీద జేబులు. బస్సుండగా వీళ్లకిదేం ఖర్మ అని ఊరంతా నవ్వుకుంది. వాళ్లు నా షాపు ముందు ఆగి దారి అడిగేవాళ్లు. దారి చెప్పే ఓపిక నాకు లేదు. చెప్పకుండా ఉండే ఓపిక బావకి లేదు. సెలవు రోజు నా స్టూలు ఆక్రమించి ఒక్కొక్కడికీ అరగంట చెప్పేవాడు, నా పని అటకెక్కేది. "నోటితో వాగేదంతా కాగితం మీద రాసి తగలెయ్ బావా" అన్నాను ఒకరోజు విసుగెత్తి. రాశాడు. అదే బావ చీటీ.

చీటీ ఒక్క పేజీ. కొండ చుట్టూ దారి, ఎక్కడెక్కడ నీళ్లు దొరుకుతాయో, ఎక్కడ పంక్చరైతే చక్రం ఎవరింటి ముందు పెట్టి కేకెయ్యాలో అన్నీ ఉంటాయి. అందులో జనానికి బాగా నచ్చింది ఎక్కుళ్ల పక్కన ఆయన రాసిన మాటలు. ఆయనకి డిగ్రీలూ శాతాలూ తెలీవు. కొన్నిటికి 'మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు' అని రాశాడు. కొన్నిటికి 'మాటలు తగ్గించండి'. అన్నిటికంటే ముందొచ్చే సున్నం బట్టీ ఎక్కుడుకి 'నోరు మూసుకుని తొక్కండి'. ఇక ఏడోది, ఆఖరిది, ఒంటిల్లు ఎక్కుడు. పైన ఒకే ఒక్క ఇల్లుంటుంది, ఫారెస్టు గార్డుగా చేసి రిటైరైన ముసలాయనది. అది దాటితే ఇక ఊరిదాకా దిగుడే. దాని పక్కన బావ రాసిన మాట ఏడింటిలోకీ ముచ్చటైనది: 'పాడుకుంటూ ఎక్కొచ్చు'.

పట్నం వాళ్లు ఆ చీటీని ఫొటోలు తీసుకుని ఊరూరా పంపించుకున్నారు. జిరాక్సు కాపీలు నా షాపు గోడకి మేకు కొట్టి తగిలించేవాణ్ణి, ఆదివారం మధ్యాహ్నానికి మేకు ఒక్కటే మిగిలేది.

ఇక్కడ నా బండారం నేనే బయటపెట్టుకోవాలి. ఒంటిల్లు ఎక్కుడు నేను ఒక్కసారి కూడా సైకిలు మీద ఎక్కలేదు. చీటీ వచ్చిన కొత్తలో పట్నం బృందంతో పాటు నేనూ బయల్దేరాను. సున్నం బట్టీ దగ్గర భయపడ్డంత ఏమీ లేదు, బానే ఎక్కాను. ఆఖరిదానికి వచ్చేసరికి మొదటి మలుపులోనే తల ప్రాణం తోకకొచ్చింది. దిగాను. సైకిలు షాపువాడు, పైగా పోస్టు బావ సొంత బావమరిది, పాడుకుంటూ ఎక్కేదాని దగ్గర దిగాడంటే ఊళ్లో తలెత్తుకోగలడా? వంగి గొలుసు మీద చెయ్యి పెట్టాను. "గొలుసు జారింది, మీరు పదండి" అన్నాను. వాళ్లు వెళ్లాక, సైకిలు నడిపించుకుంటూ పైదాకా నడిచాను.

ఆ తర్వాత చూద్దును కదా, ఊళ్లో సైకిలు తొక్కే ప్రతివాడి గొలుసూ అక్కడే జారుతోంది. లెక్కల మాస్టారి గొలుసు, మందుల షాపు ఆయన గొలుసు, పట్నం నుంచొచ్చిన డాక్టరమ్మ గొలుసు. సోమవారం పొద్దున తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు. "ఒంటిల్లు దగ్గర జారిందండీ, కాస్త చూడండి." గొలుసు నిక్షేపంగా ఉండేది. నేనూ నిక్షేపంగా విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్లీ బిగించి ఇచ్చేవాణ్ణి. వాళ్లు నా మొహం చూసేవాళ్లు కాదు, నేను వాళ్ల మొహం చూసేవాణ్ణి కాదు. ఒక్కడు నోరు తెరిచి 'ఇది కష్టంగా ఉంది' అనుంటే అందరం అనేవాళ్లం. ఎవడికి వాడు లోపం తన కాళ్లలోనే ఉందనుకున్నాడు. బావని మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కే మనిషి మాట కాదని ఎవరంటారు?

ఇదంతా నవ్వుకుని వదిలేసే సంగతే, మా మేనకోడలు లేకపోతే.

బావకీ అక్కకీ ఒక్కతే కూతురు. పిల్లకి తండ్రి కాళ్లు వచ్చాయి, తల్లి నోరు వచ్చింది, అంటే మాట తక్కువ. పదిహేడేళ్లకి నా షాపులో ఉన్న సైకిళ్లన్నిటిలోకీ మంచిది దాని చేతిలో ఉండేది, నేనే ఒక్కో భాగం ఏరి కట్టిచ్చాను. ఆ ఏడు మా కొండ చుట్టూ అమ్మాయిలకి పోటీ పెట్టారు. పన్నెండు మంది. మొదట వచ్చిన ఇద్దరినీ పెద్ద కోచింగుకి తీసుకెళ్తారు, చదువు, హాస్టలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. మా పిల్లకి అదొక్కటే కావాలి. పొద్దున లేస్తే అదే ధ్యాస.

ముందు రోజు సాయంత్రం బావ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చీటీ మొత్తం చదివించాడు. నేను అక్కడే ఉన్నాను. "చూడమ్మా, మొదటి ఆరు ఎక్కుళ్లలోనే అందరినీ వెనకేసెయ్. ఒంట్లో ఎంతుంటే అంత పెట్టు. ఆఖరిదానికి ఏమీ దాచుకోనక్కర్లేదు, అదొక లెక్క కాదు" అన్నాడు. అది తలూపింది. నేను నీళ్లు నమిలాను. నాకెందుకో చెప్పబుద్ధి కాలేదు, కాదు, చెప్పే ధైర్యం లేకపోయింది. పిల్లకి నాకంటే బలమైన కాళ్లున్నాయి, దానికి తేలిగ్గానే ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

పోటీ రోజు నేను వెనక వ్యానులో, విడి చక్రాలేసుకుని కూర్చున్నాను. తండ్రి చెప్పింది చెప్పినట్టే చేసింది. సున్నం బట్టీ దగ్గరే అందరినీ దాటింది. ఆరో ఎక్కుడు దిగేసరికి వెనకామెకీ దీనికీ మధ్య రెండు మలుపుల దూరం. వ్యాను డ్రైవరు నా తొడ మీద చరిచి "మీ పిల్ల కొట్టేసిందండీ" అన్నాడు. ఒంటిల్లు ఎక్కుడు మొదలైంది. మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపులో, రోడ్డంచున సున్నం పూసిన రాళ్లున్న చోట, సైకిలు ఆగిపోయింది. కాలు కింద పెట్టింది. రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టుకుని తల వంచుకుని నిలబడింది. మళ్లీ ఎక్కబోయింది, పెడలు తిరగలేదు. ఒకమ్మాయి దాటిపోయింది. ఇంకో ఇద్దరు. నాలుగో అమ్మాయి దాటేటప్పుడు జాలిగా తిరిగి చూసింది కూడా.

నేను వ్యాను దిగి పరిగెత్తాను. అక్కడున్నవాళ్లందరికీ వినబడేటట్టు "గొలుసు జారిందా అమ్మా?" అని అడిగాను. నాకు తెలిసిన గౌరవప్రదమైన దారి అదొక్కటే, దాన్ని కూడా అందులోంచే పంపించాలని చూశాను. అది గొలుసు వైపు చూసింది, నా వైపు చూసింది. "లేదు మామయ్యా. కాళ్లు రాలేదు" అంది.

అప్పుడు చెప్పాల్సింది. 'ఇక్కడ ఎవరికీ రావమ్మా, నాకూ రావు, మీ లెక్కల మాస్టారికీ రావు' అని ఒక్క మాట. చెప్పలేదు. ఆ క్షణం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, ఇప్పటికీ.

అయిదో స్థానంలో వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర బావ నవ్వుతూ "మీ నాన్న పాడుకుంటూ ఎక్కేదాని దగ్గర దిగి నిలబడ్డావటగా, చోద్యం కాకపోతే" అన్నాడు. ఎగతాళి చెయ్యాలని కాదు, పిల్ల దిగులు తేలిక చేద్దామని. ఆ మనిషికి ఓదార్చడం అలాగే వచ్చు. "దాన్ని తిననివ్వండి" అంది అక్క. పిల్ల కూడా నవ్వింది. వారం తిరక్కుండా సైకిలు తెచ్చి షాపులో గోడకి ఆనించింది. "ఎవరికైనా ఇచ్చెయ్ మామయ్యా" అంది. అది మళ్లీ సైకిలెక్కలేదు.

పదహారేళ్లు గడిచాయి. పిల్ల కళ్లద్దాల చదువు చదివి, మార్కెట్టు వీధిలో సొంత షాపు పెట్టుకుంది. తండ్రీ కూతుళ్ల మధ్య గొడవేమీ లేదు. ఆయన కళ్లలో చుక్కలు వేసేది అదే, దాని షాపు తాళం తీసేది ఆయనే. అన్నీ మాట్లాడుకుంటారు. సైకిళ్ల మాటెత్తితే మాత్రం దానికి ఎక్కడో ఒక కస్టమరు గుర్తొస్తాడు, లేచి వెళ్లిపోతుంది. నాకు తప్ప ఇంకెవరికీ అది కనబడలేదనుకుంటాను. బావ రిటైరై నాలుగేళ్లయింది, చీటీ మాత్రం రిటైరవలేదు.

పోయిన ఏడు రోడ్ల ఆఫీసు నుంచి ఒక సర్వేయరమ్మ వచ్చింది. కొండ చుట్టూ సైకిళ్లవాళ్ల కోసం బోర్డులు పెడతారట, ప్రతి ఎక్కుడు కింద ఒకటి. షాపులోకి వచ్చి "బావగారంటే ఎవరండీ?" అని అడిగింది. అది ఆయన ఇంటిపేరనుకుంది పాపం. నేను స్టూలు మీదున్న శాల్తీని చూపించాను. "అంకెలు రాస్తే జనం బెదిరిపోతున్నారండీ. మీ చీటీలో ఉన్న మాటలే బోర్డుల మీద రాయిద్దామని, కింద మీ పేరు వేసి" అంది. ఆ రోజు బావ కాళ్లు నేల మీద లేవు. ఇంటికెళ్లి అక్కకి చెప్పాడు, మాట తక్కువ మనిషైన అక్క కూడా ఊరంతా చెప్పింది.

సర్వేయరమ్మ సైకిలు హ్యాండిలుకి ఎత్తు కొలిచే చిన్న డబ్బా ఒకటి బిగించుకుని రెండు రోజులు కొండ తిరిగింది. మూడో రోజు కాగితం పట్టుకుని వచ్చింది. మొహమాటపడుతూ "మధ్యలోవి కొంచెం అటూ ఇటూగా సరిపోయాయండీ. మొదటిదీ ఆఖరిదీ తిరగబడ్డాయి" అంది. సున్నం బట్టీ దగ్గర వంద మీటర్లకి రోడ్డు అయిదు మీటర్లే లేస్తుందట. ఒంటిల్లు దగ్గర పదకొండు. కొండ మొత్తానికి అదే కష్టమైనదట.

బావ ఒంటికాలి మీద లేచాడు. "ఆ డబ్బాకి కాళ్లున్నాయా? ముప్ఫై ఒక్కేళ్లు ఎక్కాను నేను. పాడుకుంటూ ఎక్కాను. కావాలంటే వీణ్ణడగండి" అని నన్ను చూపించాడు. నేను పంక్చరు చూస్తున్నట్టు ట్యూబు నీళ్లలో ముంచి, బుడగల కోసం చాలా శ్రద్ధగా చూశాను.

ఆ అమ్మాయి కోప్పడలేదు. ఒక్కటే అడిగింది. "మీ సంచి ఎంత బరువుండేదండీ?"

"పొద్దున బయల్దేరేటప్పుడు పద్దెనిమిది కిలోలు, తక్కువ కాకుండా. ఉత్తరాలే కాదు, పార్సిళ్లు, పుస్తకాలు, అన్నీ."

"ఒంటిల్లు కిందికి వచ్చేసరికి?"

"అక్కడికొచ్చేసరికి ఏముంటుందమ్మా, పైన ఒకటే ఇల్లు. ఆయనకి వారపత్రిక వచ్చేది."

"అంటే సంచిలో?"

"వారపత్రిక" అన్నాడు బావ. అని, ఆగాడు.

"ఎక్కే ముందు ఎక్కడైనా కూర్చునేవారా?"

"కింద కల్వర్టు మీద క్యారేజీ విప్పుకుని తినేవాణ్ణి. చెట్టు నీడ బావుంటుంది. పావుగంట నడుం వాల్చి..." నిండు సంచీ, ఖాళీ కడుపుతో ఎక్కిందేమో మొదటిది. ఖాళీ సంచీ, నిండు కడుపుతో ఎక్కింది ఆఖరిది. ముప్ఫై ఒక్కేళ్లు ఆయన కొలిచింది కొండని కాదు, తన సంచిని. ఇంత చిన్న సంగతి ఆయనకి గానీ, మా ఎవరికీ గానీ తట్టనే లేదు.

"శుక్రవారం బోర్డులు రాయించాలండీ. మీ పేరు మీద వెళ్లేది కాబట్టి మీరేం చెబితే అదే రాయిస్తాను" అని చెప్పి సర్వేయరమ్మ వెళ్లిపోయింది. బావ గోడకున్న చీటీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడాయన నోట్లోంచి వచ్చిన మాట సున్నం బట్టీ గురించీ కాదు, బోర్డు గురించీ కాదు. "పిల్లని ఏమీ దాచుకోవద్దన్నాను రా" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికే షాపు తలుపు కొట్టాడు, భుజాన పాత ఖాకీ సంచి. "పాత గొలుసులున్నాయిగా. పద్దెనిమిది కిలోలు తూచు" అన్నాడు. ఖాళీ సంచితో బయల్దేరతాడట. ఉత్తరాలు దించుతూ పోయిన చోటల్లా ఈసారి ఇనుము ఎక్కించుకుంటూ పోతాడట. కల్వర్టు మీద తిండీ లేదు, కునుకూ లేదు. "అరవై నాలుగేళ్లొచ్చాయి, ఆ డబ్బా చెప్పింది చాలదా బావా?" అన్నాను. "డబ్బా చెబితే నాకు తెలుస్తుంది. నా కాళ్లు చెబితే నేను నమ్ముతాను" అన్నాడు. ఇక చెప్పి లాభం లేదు. ఇనుమంతా స్కూటరుకి కట్టుకుని వెనకాలే బయల్దేరాను.

సున్నం బట్టీ ఎక్కుడు పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరింట్లో ఎవరి పెళ్లి కుదిరిందో, ఎవరు ఎవరి ఉత్తరం దొంగతనంగా చదివారో. పైకెక్కాక వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. "ఇదా నేను నోరు మూసుకోమంది" అన్నాడు. తర్వాత పల్లెకి మూడేసి గొలుసుల చొప్పున సంచిలో వేస్తూ వచ్చాను. జనం గుమ్మాల్లోకి వచ్చి వింతగా చూశారు. "ఏంటి పోస్టు బావా, ఇన్నాళ్లూ ఇచ్చినవి వెనక్కి తీసుకెళ్తున్నావా?" అంది ఒకావిడ. ఆయన నవ్వలేదు. ఎవరేమన్నా నవ్వకుండా వెళ్లిపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను. అయిదో ఎక్కుడు నుంచి మాటలు ఆగిపోయాయి. ఆరోది దిగేసరికి చొక్కా పిండితే నీళ్లొచ్చేలా ఉంది. కల్వర్టు వైపు ఆశగా చూసి, ఆగకుండా దాటాడు.

ఒంటిల్లు ఎక్కుడు మొదటి మలుపు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియాలి. పళ్లు బిగబట్టి, ముందుకి వంగి, సైకిలు అటూ ఇటూ ఊగిపోతూ. రెండో మలుపులో కాలు కింద పెట్టాడు. దిగి, సైకిలు పట్టుకుని, రొప్పుతూ నిలబడ్డాడు. నేను స్కూటరు ఆపి నీళ్లిచ్చాను, తాగలేదు.

"అది ఎక్కడ దిగింది?" అని అడిగాడు.

ఎవరని అడగాల్సిన పని లేదు. "ఇక్కడే" అన్నాను. సున్నం పూసిన రాళ్లు అలాగే ఉన్నాయి.

"నీకు తెలుసా, ఇది ఇలా ఉంటుందని?"

అబద్ధం ఆడే ఓపిక కూడా అయిపోయింది నాకు. మొత్తం చెప్పాను. నేనెప్పుడూ ఎక్కలేదని, గొలుసు జారిందని నడిచేవాణ్ణని, ఊరందరి గొలుసులూ అలాగే జారేవని, అన్నీ తెలిసే నూనె వేసేవాణ్ణని, ఆ పిల్లని కూడా అదే అడిగానని. తేలు కుట్టిన దొంగలా పదహారేళ్లు కూర్చున్నవాణ్ణి, ఒక్కసారిగా అంతా కక్కేశాను. తిడతాడనుకున్నాను. తిట్టుంటే బావుండేది.

"నేను తెలీక చేశాను" అన్నాడు. "నువ్వు తెలిసి చేశావు." అంతే. సైకిలు నడిపించుకుంటూ పైకి నడవడం మొదలుపెట్టాడు. సంచి దించమన్నాను, దించలేదు. స్కూటరు ఎక్కబుద్ధి కాక, నేనూ దాన్ని తోసుకుంటూ వెనకాల నడిచాను.

ఇంటికి పోలేదు. తిన్నగా మార్కెట్టు వీధికి పోనిచ్చాడు. కళ్లద్దాల షాపులో ఒక పెద్దాయన ఫ్రేములు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. ఆయన వెళ్లేదాకా బావ గుమ్మం పక్కన నిలబడ్డాడు, చెమట గచ్చు మీద కారుతోంది. తర్వాత లోపలికెళ్లి, కళ్లు పరీక్ష చేయించుకునేవాళ్ల కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ.

"ఏంటి నాన్నా ఆ సంచి?"

"ఇనుము" అన్నాడు. అని, చెప్పాడు. సర్వేయరమ్మ సంగతి, సంచి సంగతి, వారపత్రిక, కల్వర్టు, అన్నీ. "ఆ ఎక్కుడు గురించి నేను నీకు చెప్పింది తప్పమ్మా. అదే అన్నిటికంటే కష్టం. ఇవాళ నేనూ అక్కడే దిగాను" అన్నాడు.

పిల్ల చేతిలో ఉన్న అద్దం తుడవడం ఆపలేదు. "తెలుసు నాన్నా" అంది.

"ఎప్పట్నుంచి?"

"రెండో మలుపు నుంచి."

బావ దాని మొహంలోకి చూశాడు. "మరి చెప్పలేదేం తల్లీ ఇన్నాళ్లూ?"

"ఓడిపోయినదాన్ని, నేను చెబితే సాకు అంటారు. ఇంకెవరైనా చెప్పాలి." అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. కోపంగా ఏం కాదు, మామూలుగానే. "మామయ్య చెబుతాడని చాలా రోజులు చూశాను" అంది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. తప్పయిపోయిందమ్మా అన్నాను, అది దానికి వినబడిందో లేదో. వినబడినా ఆ మాట దేనికి పనికొస్తుంది?

బావ కూతురి వైపు తిరిగి అడిగాడు. "ఎల్లుండి బోర్డు రాయించాలట. ఏం రాయించమంటావు, నువ్వే చెప్పు." అది కళ్ల చీటీలు రాసే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నిలబడే రాసింది. ఆలోచించుకోలేదు, ఎప్పుడో రాసి పెట్టుకున్నదాన్ని చూసి రాస్తున్నట్టు రాసేసింది. బావ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని పైకి చదివాడు. "ఆఖరి ఎక్కుడు అన్నిటికంటే కష్టం. దాని కోసం బలం దాచుకోండి."

"ఇదే రాయిస్తాను. ఒంటిల్లు ఎక్కుడు కింద పెద్ద అక్షరాలతో పెట్టిస్తాను" అన్నాడు.

"అక్కడొద్దు నాన్నా" అంది. "అక్కడికొచ్చాక తెలిస్తే ఏం లాభం? పెట్రోలు బంకు దగ్గర పెట్టించు. బయల్దేరేవాళ్లకి కనబడాలి."

అలాగే పెట్టించారు. నా షాపుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది, షట్టరెత్తగానే మొదట కనబడేది అదే. కింద పేరు దగ్గర బావ తన పేరు వద్దన్నాడు, కూతురి పేరు వేయించాడు. ఆదివారాలు పట్నం వాళ్లు అక్కడ ఆగి చదువుకుని, నీళ్లు నింపుకుని, నెమ్మదిగా బయల్దేరతారు. చాలామంది పైదాకా ఎక్కేస్తున్నారని బావ చెబుతుంటాడు.

మీ మేనకోడలు మళ్లీ సైకిలెక్కిందా అని అడుగుతారు ఈ సంగతి తెలిసినవాళ్లు. నేనూ ఒకసారి అడిగాను, కొత్త సైకిలు కట్టిస్తానమ్మా అని. "ఇప్పుడెందుకు మామయ్యా" అంది. "నేనది పదిహేడేళ్లప్పుడు ఎక్కాల్సింది."